ఊరి పాత గుడికీ, కోటకూ జనం వస్తున్నారా? ఏర్పాట్లు నడపడం ఇలా

కార్తీకం దగ్గరపడితే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. ఉదయగిరి వైపు నుంచి ఒకరు, కనిగిరి నుంచి ఇంకొకరు, కంభం నుంచి మరొకరు. "మా ఊళ్లో పాత గుడి ఉందండీ, పక్కన జలపాతం కూడా ఉంది. పర్యాటక కేంద్రంగా చేయించాలంటే ఎవరికి అర్జీ పెట్టుకోవాలి?" మనిషి మారతాడు గానీ ప్రశ్న మారదు. నేను తిరిగి అడిగేదీ మారదు: "పోయిన కార్తీక సోమవారం మీ కొండకు ఎన్ని బండ్లు వచ్చాయి?" ఇన్నేళ్లలో దానికి లెక్క చెప్పినవాళ్లు ముగ్గురు.

అర్జీ సంగతి తరువాత. జనం ఎలాగూ వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లకు నీడ, మంచినీళ్లు, మరుగుదొడ్డి చూపించలేని ఊరు, ఇంకో పదివేలమందిని పిలుచుకుని ఏం చేస్తుంది? అందుకని జనాన్ని ఎలా రప్పించాలో ఇక్కడ రాయడం లేదు. వచ్చే జనాన్ని, వాళ్లవల్ల వచ్చే డబ్బును, వాళ్ల చేతులు తాకే రాయిని ఒక పద్ధతిలో పెట్టడం ఎలాగో రాస్తున్నాను. మా ఊరి కమిటీకి ఆరేళ్లు కార్యదర్శిగా ఉండి రాసిన మినిట్సు పుస్తకమే నాకు ఆధారం. అందులో సగం పేజీలు మేము చేసిన తప్పులే.

ఏమేమి కావాలి

- గీతల పుస్తకాలు మూడు: ఒకటి మినిట్సుకు, ఒకటి జమాఖర్చుకు, ఒకటి ఫిర్యాదులకు
- గ్రామ సచివాలయంలో సర్వేయరు దగ్గర తీసుకున్న ఎఫ్‌ఎమ్‌బీ (సర్వే నెంబర్ల హద్దులు, కొలతలు చూపే పటం) నకళ్లు, అడంగల్ (ఏ భూమి ఎవరి అధీనంలో ఉందో రాసే గ్రామ లెక్క) నకలు
- యాభై అడుగుల టేపు, పెద్ద డ్రాయింగ్ షీటు, రంగు పెన్సిళ్లు
- ఫోటోలు తీయగల ఫోను
- రెండు మట్టి కుండలు, చింతగింజలు, కానుగ గింజలు (ఎందుకో రెండో మెట్టులో చెబుతాను)
- కనీసం ఏడుగురు మనుషులు. రాష్ట్ర సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద సంఘం పెట్టాలంటే ఏడుగురు ఉండాలి

డబ్బు పేరు ఈ జాబితాలో లేదని మీకు అనిపించి ఉంటుంది. మొదటి ఆరు నెలల పనికి డబ్బు అక్కర్లేదు. ముందే డబ్బు చేతికి వస్తే అది దారి మొదట్లో స్వాగతపు ఆర్చి అవుతుంది. మాకు అదే అయింది.

1. ఏ రాయి ఎవరిదో తేల్చుకోండి

అన్నిటికంటే విసుగు పుట్టించే పని ఇది. దాటవేస్తే తరువాత చేసినదంతా కూలగొట్టించుకోవాల్సి వచ్చే పని కూడా ఇదే.

బయటివాళ్లకు కొండ ఒక్కటే. కాగితం మీద అది నాలుగైదు ముక్కలు. భైరవకోననే చూడండి. కొండరాతిలో తొలిచిన ఎనిమిది శివాలయాలు పురావస్తువుల లెక్కలోకి వస్తాయి. అక్కడ నిత్యం పూజ జరుగుతుంది కాబట్టి అర్చకులు, భక్తుల సంగతి ఉంది. పక్కనే జలపాతం, చుట్టూ అడవి. ఉదయగిరిలో ఒకే కొండ మీద గుళ్లూ ఉన్నాయి, మసీదులూ ఉన్నాయి. మీ ఊరిదీ ఇంతే అయి ఉంటుంది: గుడి దేవాదాయ శాఖది, దర్గా ఉంటే వక్ఫ్ బోర్డుది, శిల్పాలు కేంద్ర పురావస్తు శాఖవో రాష్ట్ర శాఖవో, కొండ అటవీ శాఖది, కింద మైదానం రెవెన్యూ పోరంబోకు, దారి పంచాయతీది.

డ్రాయింగ్ షీటు మీద కొండను గీసి, సర్వే నెంబర్లు వేసి, ఒక్కో యజమానికి ఒక్కో రంగు పూయండి. ఇందులో మూడు విషయాలు తప్పకుండా చూసుకోవాలి.

మొదటిది, కేంద్రం రక్షిత కట్టడమా కాదా. అయితే సాధారణంగా అక్కడ నీలం బోర్డు ఉంటుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టాన్ని 2010లో సవరించారు. దాని ప్రకారం రక్షిత హద్దు నుంచి 100 మీటర్ల లోపల కొత్త కట్టడం నిషిద్ధం. ఆ పైన ఇంకో 200 మీటర్ల వరకు కట్టాలంటే ముందే అనుమతి తీసుకోవాలి. మండపం కూడా కట్టడమే. రాష్ట్ర రక్షిత కట్టడాలకు 1960 చట్టం వేరే ఉంది.

రెండోది, అడవి హద్దు. ఇనుప కంచె ఉన్న చోటే హద్దు అనుకోకండి. బీటు అధికారిని వెంట తీసుకెళ్లి హద్దు రాళ్లు చూడండి.

మూడోది మన ప్రాంతానికే ప్రత్యేకమైన తలనొప్పి. ప్రకాశం జిల్లా ఏర్పడింది 1970లో. అంతకుముందు కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి తాలూకాలు నెల్లూరు జిల్లావి. మార్కాపురం, గిద్దలూరు కర్నూలువి. 2022లో జిల్లాలు మళ్లీ మారాయి. కాబట్టి "మా దగ్గర ఆ ఫైలు లేదండీ" అని ఒక ఆఫీసు అంటే ఫైలు అసలే లేదని కాదు. మీ తాలూకా అప్పట్లో ఏ జిల్లాలో ఉండేదో చూసుకుని ఆ జిల్లా కేంద్రంలో వెతకండి. మాకు కావలసిన ఒక పాత కాగితం మేము నాలుగు నెలలు ఒంగోలు చుట్టూ తిరిగాక నెల్లూరులో దొరికింది.

*జవాబు రాకపోతే:* సమాచార హక్కు చట్టం కింద ఒక పేజీ దరఖాస్తు పెట్టండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. "ఫలానా సర్వే నెంబరు ఏ శాఖ అధీనంలో ఉంది?" అని ఒక్క ప్రశ్నే అడగండి. పది ప్రశ్నలు కలిపితే అన్నిటికీ కలిపి ఒక దాటవేత వస్తుంది.

*హెచ్చరిక:* అధికారి "మీరు చేసుకోండి, నేను చూసుకుంటాను" అని నోటిమాటగా అంటే దాన్ని అనుమతిగా తీసుకోకండి. ఆయనకు బదిలీ అవుతుంది, మీరు కట్టిన గోడ మాత్రం అక్కడే ఉంటుంది.

*సరిగా వచ్చిందా?* షీటు మీద రంగు పడని ముక్క ఉండకూడదు. రెండు రంగులు పడిన ముక్క ఉంటే అదే మీ మొదటి సమావేశానికి విషయం.

2. లెక్క పెట్టండి

ఇప్పుడు గింజల సంగతి. కొండకు వెళ్లే దారి రోడ్డు నుంచి విడిపోయే మలుపు దగ్గర చెట్టుకింద ఒక పెద్దమనిషిని కూర్చోబెట్టండి. రెండు చక్రాల బండి వస్తే మొదటి కుండలో చింతగింజ, ఆటో, కారు వస్తే రెండో కుండలో కానుగ గింజ. గంటకోసారి కుండలు బోర్లించి, లెక్కపెట్టి, పుస్తకంలో రాయాలి. కాగితం మీద గీతలు గీయమంటే జనం ఎక్కువైన వేళ గీతలు తప్పిపోతాయి. గింజ అలా తప్పదు, చెయ్యి దానంతట అదే వేసేస్తుంది. మా కొండ దగ్గర మేకలు కాసే తాత ఒకరు ఈ పనికి కుదిరారు. బండిలో ఎంతమంది ఉన్నారు, ఏ ఊరివాళ్లన్నది కూడా ఆయనే చెప్పేవారు. రెండో ఏడు వచ్చేసరికి "నిరుడు ఈ పాటికి కుండ నిండింది, ఈ ఏడు సగమే" అనేవారు.

నాలుగు రకాల రోజులు లెక్కించాలి: మామూలు మంగళవారం, ఆదివారం, కార్తీక సోమవారం, శివరాత్రి. మీ స్థలానికి వేరే రోజు ఉంటే అది. మాలకొండ గుడి వారానికి ఒక్క శనివారమే తెరుస్తారు. అక్కడ మిగతా ఆరు రోజుల లెక్కతో పనేముంది?

*తరచూ జరిగే తప్పు:* గుడి ముందు లెక్కించడం. మెట్ల దగ్గరే ఆగిపోయిన ముసలివాళ్లు, వంట చేసుకుంటూ కింద ఉండిపోయినవాళ్లు ఆ లెక్కలోకి రారు. మరుగుదొడ్డి అందరికంటే ముందు కావలసింది వాళ్లకే.

3. కమిటీ

సర్పంచి, పంచాయతీ కార్యదర్శి, ఆలయ అధికారి, అర్చకులు, బీటు అధికారి ఎలాగూ ఉంటారు. వీళ్లతో ఆగిపోతే అది ఫోటో కోసం పెట్టిన కమిటీ. ఆటో నడిపేవాళ్లలో ఒకరు, దుకాణాలవాళ్లలో ఒకరు, పొదుపు సంఘం మహిళలు ఇద్దరు, కొండ మీద పశువులు మేపుకునేవాళ్లలో ఒకరు ఉండాలి. ఏర్పాట్లవల్ల ఎవరికి నష్టం రావచ్చో వాళ్లను లోపల కూర్చోబెట్టుకోవాలన్నది నేను ఆలస్యంగా నేర్చుకున్న పాఠం. పార్కింగు కోసం మేము చదును చేసిన స్థలం కొందరికి కళ్లం. అడగలేదు. సంక్రాంతి నాటికి అందులో మళ్లీ కంది కట్టెలు పడ్డాయి, మా తాడు తీసి పక్కన చుట్టపెట్టి ఉంది. తప్పు వాళ్లది కాదు.

నియమాలు నాలుగు చాలు. నెలకు ఒక సమావేశం. సగంమంది లేకపోతే తీర్మానం లేదు. చెక్కు మీద రెండు సంతకాలు, అందులో ఒకటి మహిళా సభ్యురాలిది. తన బంధువుకు సంబంధించిన పని చర్చకు వస్తే ఆ సభ్యుడు లేచి బయటకు వెళ్లాలి. ఈ నాలుగోది రాసుకున్న రోజు మా సమావేశంలో సగంమంది లేచి వెళ్లాల్సి వచ్చింది. పల్లెటూరు కదా, అందరూ బంధువులే. కాబట్టి "అన్నదమ్ములు, వియ్యంకులు, వ్యాపార భాగస్వాములు" అని గిరి గీసుకోండి.

*సొసైటీ వద్దనుకుంటే:* పంచాయతీ తీర్మానంతో ఉపసంఘంగా నడపవచ్చు. లెక్కలు పంచాయతీ ఖాతాలోనే ఉంటాయి కాబట్టి తనిఖీ సులువు. ఇబ్బంది ఏమిటంటే ఎన్నికలు వచ్చినప్పుడల్లా కొండ కూడా పార్టీ మారుతుంది.

4. ఎంతమంది పడతారు?

చిన్న లెక్క. గుహాలయం ముందు అరుగు 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు అనుకుందాం. 600 చదరపు అడుగులు. మనిషికి 10 చదరపు అడుగులు ఇస్తే ఒకేసారి 60 మంది. ఒక్కొక్కరు పావుగంట ఉంటే గంటకు 240 మంది.

కార్తీక సోమవారం మీ కుండల్లో 400 చింతగింజలు, 100 కానుగ గింజలు పడ్డాయనుకోండి. బండికి ఇద్దరు, ఆటోకు ఆరుగురు చొప్పున 1,400 మంది. తెల్లవారుజాము అయిదు నుంచి పదకొండు వరకు ఆరు గంటల్లో అరుగు 1,440 మందికి సరిపోతుంది. అంతా బాగానే ఉన్నట్టుంది. కానీ గంటగంటకూ రాసుకున్న పుస్తకం తెరిస్తే ఆరింటికీ ఎనిమిదింటికీ మధ్యే 900 మంది వచ్చారని తేలుతుంది. గంటకు 450. అరుగు పట్టేది 240. మొత్తం లెక్క చూసి ధైర్యపడినవాళ్లు ఈ రెండు గంటల్లో దొరికిపోతారు.

దీనికి అరుగు పెంచడం మందు కాదు. కింద చెట్ల నీడలో ఆపి, యాభైమంది చొప్పున పైకి పంపాలి. పైకి ఒక దారి, కిందికి ఇంకో దారి ఉండాలి. రెండో దారి లేకపోతే మధ్యలో తాడు కట్టి మనిషిని నిలబెట్టాలి. దీపాలు పెట్టే చోటు అరుగుకు దూరంగా జరిపితే ఆగే సమయం సగానికి తగ్గుతుంది.

జనాన్ని విడదీయడంలో నెల్లూరు రొట్టెల పండుగను చూసి నేర్చుకోవాల్సింది ఉంది. మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులోకి దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. కోరిక తీరినవాళ్లు రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు తీసుకుంటారు. ఆరోగ్య రొట్టె, చదువు రొట్టె, పెళ్లి రొట్టె అంటూ ఏ రొట్టె ఎక్కడో బోర్డులు ఉంటాయి. ఎవరి కోరికను బట్టి వాళ్లు ఆ వైపు నడుస్తారు. అంతమందిని లాఠీ ఊపి విడదీయాలంటే ఎన్ని లాఠీలు కావాలి? 2015లో రాష్ట్ర పండుగ అయిన ఈ వేడుకలో మతపెద్దలు, నగరపాలక సంస్థ, జిల్లా యంత్రాంగం కలిసి పనిచేస్తారు. మీకు దగ్గరలో ఉంటే ఒకసారి రొట్టె కోసం కాక ఏర్పాట్లు చూడటానికి వెళ్లి రండి.

5. నీళ్లు, మరుగుదొడ్లు, చెత్త

పై లెక్కలోని ఆ రెండు గంటలే తీసుకోండి. 900 మందిలో 450 మంది ఆడవాళ్లు. మూడోవంతు మందికి అవసరం పడిందన్నా 150 మంది, గంటకు 75. ఒక్కొక్కరికి మూడు నిమిషాలైతే ఒక దొడ్డి గంటకు 20 మందికి పనికొస్తుంది. అంటే ఆడవాళ్లకే నాలుగు ఉండాలి. ఒక్కోసారికి ఆరు లీటర్ల నీళ్లు పోతాయి. మగవాళ్లను కలుపుకుంటే ఆ పూటకు రెండు వేల లీటర్ల ట్యాంకు నింపి ఉంచాలి. కట్టడానికి అనుమతి రాకపోతే పండుగ రోజులకు తాత్కాలిక మరుగుదొడ్లు తెప్పించండి. వాటిని శుభ్రం చేసే మనిషికి కూలి ముందే పక్కన పెట్టండి. తాళం వేసి ఉన్న కొత్త మరుగుదొడ్ల సముదాయాన్ని మించిన విచారకరమైన స్మారక కట్టడం నేను ఏ కొండ దగ్గరా చూడలేదు.

తాగునీటి విషయంలో ఒక గట్టి మాట. కనిగిరి చుట్టుపక్కల భూగర్భజలంలో ఫ్లోరైడు ఎక్కువని అందరికీ తెలుసు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్లు తాగకూడదు. పర్యాటకుడు ఒక్కపూట తాగితే ఏమీ కాకపోవచ్చు, కానీ అక్కడే దుకాణం పెట్టుకున్న మనిషి, అతని పిల్లలు రోజూ తాగుతారు. బోరు నీళ్లు మరుగుదొడ్లకు వాడండి, తాగడానికి పరీక్ష చేయించిన నీళ్లు తెప్పించండి. రెండు కొళాయిలూ పక్కపక్కన పెట్టకండి.

చెత్తబుట్టల విషయంలో కోతులను తక్కువ అంచనా వేయకండి. మూతలేని బుట్టలు పెట్టాము, పొద్దుగూకేసరికి చెత్త కొండంతా పరుచుకుంది. మూత పెట్టాము, రెండు రోజుల్లో తీయడం నేర్చుకున్నాయి. చివరికి బుట్టలే తీసేశాము. కింద మలుపు దగ్గర ప్రతి నీళ్ల సీసాకు ఒక చీటీ అంటించి ఇరవై రూపాయలు డిపాజిట్ తీసుకుంటాము. ఖాళీ సీసా తెస్తే ఇరవై తిరిగి ఇచ్చేస్తాము. మొదటి వారం తిట్లు తిన్నాము. ఇప్పుడు ఎవరైనా సీసా పారేస్తే పిల్లలు ఏరుకొచ్చి ఇరవై పట్టుకుపోతున్నారు.

6. జలపాతం, వాగు

మన దగ్గర ఒక చిక్కు ఉంది. నెల్లూరు, ప్రకాశం ప్రాంతాలకు గట్టి వానలు, తుపానులు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. కార్తీక స్నానాలు, వనభోజనాలూ అప్పుడే. అంటే వాగు ఉధృతంగా ఉండే నెలలోనే జనం వాగులోకి దిగుతారు.

కొండపైన వాన పడితే కింద ఎండ కాస్తుండగానే నీళ్లు రావచ్చు. తేటగా ఉన్న నీళ్లకు మట్టిరంగు తిరిగినా, ఎండాకులు, పుల్లలు ఒక్కసారిగా కొట్టుకొస్తున్నా, శబ్దం మారినా అందరినీ ఒడ్డుకు ఎక్కించాలి. ఈ గుర్తులు బోర్డు మీద రాస్తే చదివేది తక్కువమంది. అందుకే ఈల ఉన్న మనిషి కావాలి. వాగు ఒడ్డున రాయికి గీత గీయకండి, ఎరుపు రంగు వేసిన ఇనుప కడ్డీ పాతండి. నీళ్లు ఎరుపును తాకితే స్నానం బంద్. ఎవరి సిఫార్సుతో వచ్చినవాళ్లయినా సరే. 108, 112 నెంబర్లు పెద్ద అక్షరాలతో రాసి, కొండ మీద ఏ చోట ఫోను సిగ్నలు అందుతుందో కూడా రాయండి. చాలామంది ఈ రెండోది మరిచిపోతారు.

తుపాను హెచ్చరిక ఉన్న రోజున మలుపు దగ్గరే ఆపేయండి. పైదాకా రానిచ్చి వెనక్కి పంపితే గొడవ తప్పదు.

7. డబ్బు

బండ్ల ఆశీలు వసూలు చేసే హక్కును ఏడాదికోసారి వేలం వేయడం మామూలు పద్ధతి. సులువైనది, ప్రమాదకరమైనది కూడా. మొదటి ఏడాది పాట పాడినాయన బండికి ఇరవై అని రాసిన బోర్డును గోనెపట్టాతో కప్పి యాభై వసూలు చేశాడు. తిట్లు మాత్రం గుడికి, ఊరికి.

వేలమే వేస్తే ఇవి రాసుకోండి: వరుస నెంబర్లున్న టికెట్ పుస్తకాలు కమిటీయే ఇవ్వాలి. ధర బోర్డు కప్పితే మొదటిసారి జరిమానా, రెండోసారి పాట రద్దు. మార్కాపురం పలకల మీద సుద్దతో ధరలు రాసి మూడు చోట్ల వేలాడదీయండి. ఫ్లెక్సీకంటే చవక, చూడటానికీ బాగుంటుంది.

*వేలం వద్దనుకుంటే:* పొదుపు సంఘానికి అప్పగించండి, వసూలులో వాటా ఇవ్వండి. మాకు రాబడి మొదటి ఏడు కాస్త తగ్గింది, ఫిర్యాదులు చాలా తగ్గాయి.

*సరిచూసుకోవడం:* టికెట్ల లెక్క, కుండల్లో గింజల లెక్క పక్కపక్కన పెట్టండి. వందకు అయిదారు తేడా ఉంటే మామూలే. ఇరవై ఉంటే ఎవరో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడాలి. జమాఖర్చు పేజీని ప్రతి నెలా సచివాలయం గోడకు అంటించండి. హుండీ జోలికి మాత్రం కమిటీ పోకూడదు. దాని లెక్క దేవాదాయ శాఖ పద్ధతిలోనే జరగాలి.

చందవరం స్తూపంలాంటి బౌద్ధ స్థలాల దగ్గర హుండీ ఉండదు, పండుగ రద్దీ ఉండదు. అలాంటిచోట వసూళ్ల మీద ఆశ పెట్టుకోకుండా, చుట్టుపక్కల బడులతో మాట్లాడి నెలకు రెండు విద్యార్థి యాత్రలు కుదుర్చుకోండి. మనుషులు తిరిగే చోట ముళ్లకంపలు పెరగవు.

8. రాయి జోలికి పోకండి

దాతలు వస్తారు. మంచి మనసుతోనే వస్తారు. "గుడి పాతబడింది, రంగులు వేయిస్తాను" అంటారు. ద్వారపాలకుడి ముఖానికి గులాబీ రంగు ఎనామెల్, మీసాలకు నలుపు వేసి, పక్కన దాత పేరు రాసిన చోట్లు నేను చూశాను. శాసనం ఉన్న స్తంభానికి పన్నెండు పొరల సున్నం కొట్టిన ఊరూ చూశాను. ఆ ఊరివాళ్లకు అక్కడ అక్షరాలున్న సంగతే తెలియదు.

చేయకూడనివి: రంగులు, సిమెంటు పూత, ఇసుకను వేగంగా చల్లి రాయిని శుభ్రం చేయించడం, శిల్పాల ముందే కర్పూరం వెలిగించడం, తొలిచిన రాతికి మేకులు కొట్టి విద్యుత్ తీగలు లాగడం. పాతకాలపు సున్నపు గచ్చు తేమను బయటికి పోనిస్తుంది. సిమెంటు దాన్ని లోపలే పట్టి ఉంచుతుంది, కొన్నేళ్లకు రాయి పొరలుగా ఊడుతుంది. కేంద్ర రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయని దాతకు మర్యాదగా చెప్పండి. ఆ డబ్బు ఖర్చు పెట్టడానికి మరుగుదొడ్ల శుభ్రత ఉంది, నీడకు చెట్లు ఉన్నాయి. మరుగుదొడ్డి మీద పేరు వేయించుకోవడానికి ఒప్పుకునే దాతను ఇంకా వెతుకుతున్నాము.

శాసనం చదవాలని సుద్దపొడి, పిండి రుద్దకండి. చీకటిపడ్డాక టార్చిలైటును రాతికి ఏటవాలుగా పక్కనుంచి వేయండి. పగలు కనబడని అక్షరాలు నీడలతో లేచి నిలబడతాయి. ఫోటో తీసి పురావస్తు శాఖకు పంపండి.

గుప్తనిధుల తవ్వకాలు మన కొండలకు పట్టిన చీడ. అమావాస్య ముందు రోజుల్లో కొత్త ముఖాలు, గడ్డపారలు కనబడితే వెంటనే పోలీసులకు చెప్పండి. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలపాలని 1878 చట్టం చెబుతోంది. ప్రతి మూడు నెలలకు ఒకసారి ఒకే చోట నిలబడి ఒకే కోణంలో ప్రతి శిల్పాన్నీ ఫోటో తీసి దాచండి. ఏదైనా పోయినప్పుడు పోలీసులు అడిగేది ఆ ఫోటోనే.

9. కథ, బోర్డు, గైడు

మన దగ్గర ప్రతి కోటకూ ఒక సొరంగం ఉంటుంది, అది తప్పకుండా శ్రీశైలం దాకా పోతుంది! ఈ కథ చెప్పే గైడు తెలియకుండానే గడ్డపారలవాళ్లను పిలుస్తున్నాడు.

గైడులుగా ఊరి పిల్లలను పెట్టుకోండి. వాళ్లు చెప్పే ప్రతి వాక్యం ఏ రకానిదో ముందే విడదీయండి. చరిత్రలో నిలిచినది ఒకటి: 1514లో కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఉదయగిరి గెలిచారు, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి ప్రతిష్ఠించారు. జనం చెప్పుకునేది ఇంకొకటి: కంభం చెరువును గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించిందని. రెండోదాన్ని "అని చెప్పుకుంటారు" అనే మాటతోనే ముగించాలి. ఆ రెండు మాటలతో కథ చిన్నబోదు. శాసనాల కోసం 1905లో బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి ప్రచురించిన నెల్లూరు జిల్లా శాసనాల సంపుటాలు చూడండి. కనిగిరి, ఉదయగిరి ప్రాంతాల పల్లెల పేర్లు అందులో ఉన్నాయి. మీ ఊరి పేరు కనబడితే ఆ పేజీ నకలు తీసి బడిలో పెట్టండి.

బోర్డు పది వాక్యాలు మించకూడదు. ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లవాడి చేత చదివించి, మూసేసి, ఏం గుర్తుందో అడగండి. వాడికి గుర్తులేని వాక్యం కొట్టేయండి.

10. దుకాణాలు

ఇది క్లుప్తంగా. ఎవరి చోటు ఎంతో సుద్దముక్కతో గీయండి, దారికి ఒక్క పక్కనే పెట్టించండి, ఊరివాళ్లకు ముందు అవకాశం ఇవ్వండి. ఉదయగిరి చెక్క గరిటెలు, చెంచాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. అవి తయారుచేసే కుటుంబాల నుంచి నేరుగా తెప్పించి అమ్మితే వాళ్లకూ మీకూ మేలు. ఎక్కడో యంత్రం మీద చేసిన చెంచాలను ఆ పేరుతో అమ్మనివ్వకండి.

ఏడాది చివర చూసుకోవలసినవి

ప్రారంభోత్సవాలు, పత్రికల్లో ఫోటోలు లెక్కలోకి రావు. వీటిని చూడండి. ఫిర్యాదుల పుస్తకంలో ఒకే ఫిర్యాదు ఎన్నిసార్లు వచ్చింది? పుస్తకం ఖాళీగా ఉంటే సంతోషించకండి, అది ఎవరి బీరువాలో ఉందో కనుక్కోండి. నిరుటి శిల్పాల ఫోటోలకూ ఈ ఏటి వాటికీ తేడా ఉందా? కొండ మీద సంపాదించుకున్న ప్రతి వంద రూపాయల్లో ఊళ్లో ఎంత మిగిలింది? దుకాణాలవాళ్లను, ఆటోవాళ్లను కూర్చోబెట్టి అడిగితే ఉజ్జాయింపుగా తేలుతుంది.

ఒక్క పరీక్షకే సమయం ఉంటే ఇది చేయండి. శివరాత్రి మరునాడు ఉదయం ఎనిమిదింటికి, ఎవరికీ చెప్పకుండా, మీ ఇంట్లో ఆడవాళ్లను, ఒక ముసలి మనిషిని వెంటబెట్టుకుని కొండకు వెళ్లండి. మలుపు నుంచి అరుగు దాకా నడవండి. దారిలో వాళ్లు ఎక్కడ ముక్కు మూసుకున్నారో, ఎక్కడ కూర్చోవడానికి చోటు వెతికారో, ఎక్కడ మీ చెయ్యి పట్టుకున్నారో రాసుకోండి. తరువాతి సమావేశంలో చదవాల్సింది ఆ కాగితమే.